ఆఫీసు ప్రయాణాల కార్బన్ తగ్గించాలంటే: ఎక్సెల్ షీట్ దగ్గర్నుంచి పార్కింగ్ రూల్ దాకా

"వచ్చే ఏడాదికల్లా ట్రావెల్ ఉద్గారాలు 30 శాతం తగ్గించాలి, ప్లాన్ పంపండి" అని పైనుంచి ఒక మెయిల్ వస్తుంది. అది నాలుగు చేతులు మారి చివరికి అడ్మిన్‌లోనో హెచ్‌ఆర్‌లోనో ఉన్న ఒకరి నెత్తిన పడుతుంది. ఆ ఒక్కరూ మీరైతే ఇది మీకోసమే రాస్తున్నా. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. మొదటి ఏడాది లిఫ్టు పక్కన పోస్టర్లు అంటించాం, సైకిల్ డే చేశాం, మొక్కలు పంచాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, లెక్క మాత్రం ఉన్నచోటే ఉంది. తర్వాత మెల్లగా అర్థమైంది: ఉద్యోగి కారులో వస్తాడా బస్సులో వస్తాడా, మీటింగ్‌కి ఫ్లైట్ ఎక్కుతాడా అన్నది చాలావరకు మనం రాసిపెట్టిన రూల్సే నిర్ణయిస్తున్నాయి. షిఫ్ట్ టైమింగ్, ఫ్రీ పార్కింగ్, రీయింబర్స్‌మెంట్ ఫారం, ఏ గ్రేడుకి ఏ క్లాసు టికెట్ అన్న పట్టిక, ఇవీ అసలు మీటలు. మనుషులకి నచ్చజెప్పే పని కాసేపు పక్కనపెట్టి ఈ కాయితాల సంగతి చూద్దాం.

మొదటి అడుగు: ఏ ప్రయాణం ఏ ఖాతాలో పడుతుంది

ఉద్గారాలు లెక్కకట్టడానికి ఎక్కువ కంపెనీలు వాడేది గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ పద్ధతి. అది ఉద్గారాలని మూడు ఖాతాలుగా విడదీస్తుంది: కంపెనీ తానే కాల్చే ఇంధనం స్కోప్ 1, కొనే కరెంటు స్కోప్ 2, మిగతా పరోక్షమైనవన్నీ స్కోప్ 3. 2011లో వచ్చిన దాని స్కోప్ 3 ప్రమాణంలో 15 కేటగిరీలు ఉన్నాయి, అందులో మనకు కావాల్సినవి రెండే. ఆరోది బిజినెస్ ట్రావెల్, ఏడోది ఉద్యోగులు ఇంటి నుంచి ఆఫీసుకి వచ్చిపోవడం. కంపెనీ సొంత కారులో పోసిన పెట్రోలు ఈ రెండింటిలోకీ రాదు, అది స్కోప్ 1. సొంత ఎలక్ట్రిక్ కారుకి ఎక్కించిన కరెంటు స్కోప్ 2. బయటి ఏజెన్సీ నడిపే స్టాఫ్ బస్సు ఏడో కేటగిరీలోకి వస్తుంది. హోటల్ బస, వర్క్ ఫ్రమ్ హోమ్ కరెంటు కలపాలా వద్దా అన్నది మీ ఇష్టం. అయితే ఒక ఏడాది కలిపి మరుసటి ఏడాది తీసేస్తే అది తగ్గించడం కాదు, మాయ చేయడం. కలిపితే ఏటా కలపండి.

ఈ విభజన ముందే రాసుకోకపోతే ఏమవుతుందంటే, ఒకే క్యాబ్ బిల్లు ట్రావెల్ డెస్క్ షీట్‌లో ఒకసారి, అడ్మిన్ షీట్‌లో ఒకసారి కనిపించి రెండుసార్లు లెక్కలో పడుతుంది. ఒక పేజీ చాలు, ఇవాళే రాసేయండి.

రెండో అడుగు: టికెట్ల లెక్క

ట్రావెల్ డెస్క్‌ని గత 12 నెలల బుకింగ్ డేటా మొత్తం అడగండి: ఎక్కడి నుంచి ఎక్కడికి, తేదీ, క్లాసు, ఏ టీమ్. రాగానే కూడికలు మొదలుపెట్టకండి, ముందు శుభ్రం చేయండి. క్యాన్సిల్ అయిన టికెట్లు అలాగే ఉండిపోతాయి. రానూపోనూ టికెట్ ఒకచోట ఒక వరుసగా, మరోచోట రెండు వరుసలుగా ఉంటుంది. తేదీ మార్చుకున్న ప్రతిసారీ కొత్త వరుస పుడుతుంది. సొంత కార్డుతో కొనుక్కుని తర్వాత క్లెయిమ్ చేసిన టికెట్లు అసలు ఇందులో ఉండనే ఉండవు, అవి ఫైనాన్స్ దగ్గర రీయింబర్స్‌మెంట్లలో దొరుకుతాయి.

ఖర్చుపెట్టిన డబ్బుని బట్టి ఉద్గారం కట్టే పద్ధతి ఒకటుంది. తేలికే, కానీ చివరి నిమిషంలో కొన్న టికెట్ ఖరీదు రెట్టింపైతే ఉద్గారమూ రెట్టింపైనట్టు చూపిస్తుంది, బేరమాడి చవగ్గా కొంటే కాలుష్యం తగ్గినట్టు చూపిస్తుంది. వేరే డేటా దొరకని చోట తప్ప దాని జోలికి పోకండి. దూరం పద్ధతి మేలు: కిలోమీటర్లు, దానికి తగిన ఫ్యాక్టర్ (అంటే కిలోమీటరుకి ఇంత ఉద్గారం అన్న అంకె), క్లాసు. ఫ్యాక్టర్లు బ్రిటన్ ప్రభుత్వం ఏటా ఉచితంగా విడుదల చేస్తుంది, చాలా దేశాల్లో కంపెనీలు వాటినే వాడతాయి. విమానం సరళరేఖలో ఎగరదు కాబట్టి దూరానికి 8 శాతం అదనం వాటిలో కలిపే ఉంటుంది, మీరు మళ్లీ కలపకండి.

క్లాసు కాలమ్ ఖాళీగా వదిలేయడం అందరూ చేసే తప్పు. పడుకునే సీటు మామూలు సీట్లకన్నా చాలా ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది, విమానం తాగే ఇంధనంలో దాని వాటా కూడా అంతే పెరుగుతుంది. ఆ బ్రిటన్ లెక్కల ప్రకారం దూరప్రయాణాల్లో బిజినెస్ క్లాసు ఎకానమీకి దాదాపు 2.9 రెట్లు, ఫస్ట్ క్లాసు 4 రెట్లు. అంటే పెద్దాయన ఒక్కరు బిజినెస్ క్లాసులో వెళ్లొస్తే, ఎకానమీలో ముగ్గురు వెళ్లొచ్చినట్టే.

ఇంకొకటి. విమానం వెనక పరుచుకునే తెల్లటి చారలు, ఎత్తులో వదిలే ఇతర వాయువులు కూడా వేడి పెంచుతాయి. 2021లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం విమానయానం కలిగించే వేడిలో కార్బన్ డయాక్సైడ్ వాటా మూడో వంతే, మిగతాది వీటిది. అంచనాలో అనిశ్చితి చాలా ఉంది. ఫ్యాక్టర్లు రెండు రకాలుగానూ దొరుకుతాయి, ఆ ప్రభావం కలిపి ఒకటి, కలపకుండా ఒకటి. నా సలహా కలిపినదే తీసుకోమని. ఏది తీసుకున్నా రిపోర్టులో రాయండి, మధ్యలో మార్చకండి.

మూడో అడుగు: ఇంటి నుంచి ఆఫీసుకి

దీనికి బిల్లులు ఉండవు, అడిగి తెలుసుకోవాల్సిందే. నా మొదటి సర్వే సంగతి చెప్తాను. "మీ ప్రయాణ దూరం ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగాను. సగం మంది ఇంటి నుంచి ఆఫీసుకి దూరం రాశారు, సగం మంది రానూపోనూ కలిపి రాశారు, ఒకాయన నెలకి ఎంతో లెక్కేసి మరీ 1,100 అని రాశాడు. తప్పు వాళ్లది కాదు, ప్రశ్నది. తర్వాత దూరం అడగడమే మానేశాను. ఇంటి పిన్‌కోడ్ అడిగి, దూరం మేమే మ్యాప్‌లో కొలిచాం. ఇంటి అడ్రస్ అడిగితే జనం బెదురుతారు, అది మనకు అవసరం కూడా లేదు.

"మామూలుగా ఎలా వస్తారు?" అని కూడా అడగకండి. నెలకి నాలుగుసార్లు బస్సెక్కే మనిషి కూడా "బస్సు" అని టిక్ పెడతాడు. "పోయిన వారం సోమవారం ఎలా వచ్చారు, మంగళవారం ఎలా వచ్చారు" అని ఐదు రోజులకీ విడివిడిగా అడగండి. బండిలో ఇంకెవరైనా ఉన్నారా అన్నది తప్పనిసరి ప్రశ్న. ఇంధనం పెట్రోలా, డీజిలా, కరెంటా అన్నది ఇంకొకటి. అంతే, రెండు నిమిషాల్లో అయిపోవాలి.

సర్వేకి జవాబిచ్చేవాళ్లలో సైకిలు మీద వచ్చేవాళ్లు ఎక్కువ ఉంటారని గుర్తుపెట్టుకోండి, వాళ్లకి చెప్పుకోవాలని ఉంటుంది. ఒక్కరే కారులో వచ్చేవాళ్లు ఫారం తెరిచి మూసేస్తారు. పార్కింగ్‌లో రోజూ ఎన్ని కార్లు నిలబడుతున్నాయో సెక్యూరిటీ వాళ్ల రిజిస్టర్‌తో పోల్చి చూస్తే ఎంత తేడా ఉందో బయటపడుతుంది.

లెక్క కట్టడం కష్టమేం కాదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు డీజిల్‌కి దాదాపు 2.7. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారులో ఒక్కరే రోజూ రానూపోనూ 40 కిలోమీటర్లు తిరిగితే రోజుకి సుమారు 6.1 కిలోలు, 220 పనిదినాలకి సుమారు 1,350 కిలోలు. అదే దూరం లీటరుకి 50 ఇచ్చే బైకు మీదైతే ఏడాదికి 400 కిలోలు. తక్కువ కదా అనకండి, బైకు వెనక ఇంకొకరు కూర్చుంటే తలకి ఇంకా సగమవుతుంది.

నాలుగో అడుగు: ముద్దలు ఎక్కడున్నాయో చూడండి

రెండు షీట్లూ తయారయ్యాక పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేసి, పైనుంచి ఇరవై వరుసలు చదవండి. దాదాపు ప్రతిచోటా కనిపించేదేంటంటే ఉద్గారాలు అందరిమీదా సమానంగా పరుచుకుని ఉండవు. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గోస్లింగ్, హుంపె అనే పరిశోధకులు ప్రపంచ జనాభాలో మహా అయితే 1 శాతం మందే విమాన ప్రయాణికుల ఉద్గారాల్లో సగానికి పైగా కారణం కావచ్చని అంచనా వేశారు. కంపెనీ లోపల కూడా దాని చిన్న నకలే కనిపిస్తుంది: కొన్ని టీములు, కొన్ని రూట్లు, పైస్థాయిలో కొందరు. వెయ్యిమందికి మెయిల్ పంపే బదులు ఆ కొద్దిమందితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడండి. పేర్లు మాత్రం బయటపెట్టకండి, టీమ్ స్థాయి అంకె చాలు. పేర్లు బయటికొచ్చిన రోజున మీ ప్రాజెక్టు పని అయిపోయినట్టే.

ఐదో అడుగు: ఫ్లైట్లు

ఇక్కడ చేసే మార్పుకి ఫలితం త్వరగా వస్తుంది, గొడవ కూడా ఎక్కువే. నాలుగు మెట్లు ఉన్నాయి, ఈ వరుసలోనే ఎక్కండి.

అసలు వెళ్లాలా? అప్రూవల్ ఫారంలో ఒక గడి పెట్టండి: "ఇది వీడియో కాల్‌లో ఎందుకు కుదరదు?" జవాబు ఏం రాసినా అప్రూవ్ అవుతుందనుకున్నా పర్లేదు, రాయడానికి బద్ధకించి మానుకునే ప్రయాణాలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. కొత్త క్లయింట్‌ని కలవడానికి, ఆగిపోయిన మిషన్ చూడటానికి వెళ్లేవాళ్లని ఆపకండి. గంట రివ్యూ మీటింగ్‌కి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే ఫ్లైట్లు ముందు చూడండి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా తేలిగ్గా ఊడొచ్చే కొమ్మ అదే.

వెళ్తే కలిపి వెళ్లొచ్చా? ఒకే ఊరికి నెలలో మూడుసార్లు ఒక్కోరోజు వెళ్లే బదులు ఒకసారి వెళ్లి మూడు రోజులు ఉంటే ఫ్లైట్లు మూడో వంతుకి పడిపోతాయి. ఇది జరగకపోవడానికి కారణం సాధారణంగా హోటల్ బడ్జెట్ ఒక ఖాతాలో, ఫ్లైట్ బడ్జెట్ ఇంకో ఖాతాలో ఉండటం. రెండూ కలిపేయమని ఫైనాన్స్‌ని అడగండి.

మీటింగ్ ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. పన్నెండు మందిలో ఏడుగురు ఒక ఊళ్లో, ముగ్గురు ఇంకో ఊళ్లో, ఇద్దరు మూడో ఊళ్లో ఉన్నారనుకోండి. ఏడుగురున్న చోట పెడితే ఐదుగురే కదులుతారు. "అందరికీ సమానంగా ఉంటుంది" అని ఎక్కడో రిసార్ట్ బుక్ చేస్తే పన్నెండుమందీ ఫ్లైటెక్కుతారు. చెబితే ఎవరికైనా అర్థమయ్యేదే, కానీ బుక్ చేసేటప్పుడు ఈ లెక్క వేసేవాళ్లు లేరు.

రైలు ఉందా? విమానం కిలోమీటరుకి ఎక్కువ ఇంధనం తాగేది పైకి లేచేటప్పుడే. అందుకే ప్రయాణం ఎంత చిన్నదైతే కిలోమీటరుకి ఉద్గారం అంత ఎక్కువ, రైలుకి మారితే మిగిలేదీ అక్కడే ఎక్కువ. ఫ్రాన్స్ 2023లో రైలులో రెండున్నర గంటల్లో చేరుకోగలిగే కొన్ని రూట్లలో దేశీయ ఫ్లైట్లే ఆపేసింది. మీరు అంత దూరం పోనక్కర్లేదు, బుకింగ్ టూల్‌లో నాలుగైదు గంటల లోపు రూట్లకి రైలు ముందు కనిపించేలా పెట్టించండి, ఫ్లైట్ కావాలంటే కారణం రాసేలా చేయండి. దాంతోపాటు రైలెక్కినవాళ్లకి పైక్లాసు టికెట్ ఇవ్వండి, రాత్రి ప్రయాణం చేస్తే మర్నాడు ఆలస్యంగా వచ్చే వెసులుబాటు ఇవ్వండి. రైల్లో కూర్చుని చేసిన పనిని పనిగంటల్లో కలపకపోతే ఎవరు ఎక్కుతారు?

చివరిది క్లాసు. "ఈ గ్రేడు పైన బిజినెస్ క్లాసు" అన్న రూల్‌ని "ఇన్ని గంటలు దాటిన రాత్రి ఫ్లైట్లకి మాత్రమే" అని మార్చండి. "అన్నిటికన్నా చవకైన టికెట్టే కొనాలి" అన్న పాత రూల్ ఉంటే అదీ సవరించండి, ఎందుకంటే చవకైనది చాలాసార్లు మధ్యలో దిగి ఎక్కే ఫ్లైట్ అవుతుంది, అంటే దారి చుట్టూ, పైకి లేవడం రెండుసార్లు.

"విమానం ఎలాగూ ఎగురుతుంది కదా, నేను ఎక్కకపోతే ఏం తగ్గుతుంది?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ రోజుకి ఏం తగ్గదు, నిజమే. కానీ ఎయిర్‌లైన్ వచ్చే సీజన్‌కి ఎన్ని ఫ్లైట్లు నడపాలన్నది ఎన్ని సీట్లు అమ్ముడయ్యాయో చూసే నిర్ణయిస్తుంది, ఏటా వందల సీట్లు కొనే కంపెనీ అందులో చిన్న బేరం కాదు.

ఇంకా ముందుకెళ్లాలంటే టీములకి కార్బన్ ఛార్జీ వేయొచ్చు. మైక్రోసాఫ్ట్ 2012 నుంచి లోపల ఇలాంటి ఫీజు వసూలు చేస్తోంది, విమాన ప్రయాణాలకీ అది పడుతుంది. టన్నుకి ఇంత అని టీమ్ బడ్జెట్‌లోంచి కోసి, ఆ డబ్బుని తగ్గించే పనులకే ఖర్చుపెట్టడం ఇందులో కిటుకు. డబ్బు ఎక్కడికి పోతోందో కనిపించకపోతే అది ఇంకో పన్నులా ఉంటుంది.

ఆరో అడుగు: రోజువారీ రాకపోకలు

మొదట బస్సు సంగతి. కంపెనీ బస్సు పెట్టగానే పచ్చదనం వచ్చేసిందని మురిసిపోతాం. లీటరుకి 4 కిలోమీటర్లిచ్చే డీజిల్ బస్సు కిలోమీటరుకి సుమారు 670 గ్రాములు వదులుతుంది. నలభైమంది ఎక్కితే తలకి 17 గ్రాములు, పైన చెప్పిన పెట్రోలు కారుతో (కిలోమీటరుకి 153 గ్రాములు) పోలిస్తే తొమ్మిదో వంతు. నలుగురే ఎక్కితే తలకి 167, ఒక్కరే కారులో రావడంకన్నా ఎక్కువ. నేను ఒకరోజు ఉదయం షటిల్‌లో కూర్చుని లెక్కపెట్టాను, యాభై సీట్ల బస్సులో డ్రైవర్ కాక ఆరుగురం. కారణం అడిగితే తెలిసింది, షిఫ్ట్ తొమ్మిదిన్నరకి, బస్సు చేరేది తొమ్మిది నలభైకి. ఎవరో రెండేళ్లకిందట షిఫ్ట్ మార్చారు, బస్సు టైము మార్చడం మర్చిపోయారు. అది సరిచేశాక నెలలోపే బస్సులో నిలబడాల్సి వచ్చింది. అందుకే ప్రతి రూట్‌కీ వారంలో ఒకరోజు తలలు లెక్కపెట్టించండి, నిండని రూట్‌కి చిన్న వ్యాన్ పెట్టండి.

క్యాబ్‌లకి ఇంకో జబ్బు ఉంది, ఖాళీ కిలోమీటర్లు. ఒక్కరిని 20 కిలోమీటర్ల దూరంలో దింపి ఖాళీగా తిరిగొస్తే ఆ మనిషి ఖాతాలో పడాల్సింది 40. రోస్టర్ వేసేటప్పుడు ఒకే దిక్కున ఉన్నవాళ్లని ఒకే షిఫ్ట్‌లో వేస్తే ముగ్గురు ఒక బండిలో వస్తారు. ఏజెన్సీ కాంట్రాక్టులో ట్రిప్పుకి ఇంత అని కాకుండా ఎన్ని సీట్లు నింపారో చూసి కొంత డబ్బు ఇచ్చేలా రాయించండి, రూటు వాళ్లే సర్దుకుంటారు.

పార్కింగ్ గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ఫ్రీ పార్కింగ్ అంటే కారులో వచ్చేవాళ్లకి మాత్రమే ఇచ్చే బోనస్. దీనికి ఒక చక్కటి మందు ఉంది: పార్కింగ్ వద్దన్నవాళ్లకి అంత డబ్బూ చేతికివ్వడం. కాలిఫోర్నియాలో 1992లో దీనిమీద చట్టమే వచ్చింది. అక్కడ ఎనిమిది సంస్థల్లో దీన్ని అమలుచేశాక ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ పరిశీలిస్తే, ఒక్కరే కారులో వచ్చేవాళ్లు 76 శాతం నుంచి 63 శాతానికి తగ్గారు. ఎవరి సీటూ లాక్కోలేదు, ఎవరికీ క్లాసు పీకలేదు. మీ కంపెనీ పార్కింగ్ స్థలాన్ని అద్దెకి తీసుకుని ఉంటే డబ్బు సర్దుబాటు సులువు. సొంత స్థలమైతే ఫైనాన్స్‌ని ఒప్పించడానికి తల ప్రాణం తోకకొస్తుంది, అయినా అడిగి చూడండి.

కార్‌పూల్ యాప్ కొనేముందు ఒక ప్రశ్నకి జవాబు చూసుకోండి: సాయంత్రం పిల్లాడికి జ్వరమని ఫోన్ వస్తే, కారు తెచ్చుకోని మనిషి ఇంటికెలా పోతాడు? ఆ టెన్షన్ వల్లే చాలామంది సొంత బండి వదలరు. ఏడాదికి ఇన్నిసార్లు కంపెనీ ఖర్చుతో ఎమర్జెన్సీ డ్రాప్ అని హామీ ఇవ్వండి, వాడుకునేవాళ్లు తక్కువే ఉంటారు. ముగ్గురితో వచ్చిన కారుకి గేటు దగ్గర్లో పార్కింగ్ ఇవ్వండి. సైకిలువాళ్లకి స్నానాల గది, తాళమేసుకునే చోటు ఉంటే చాలు, టీషర్టులు వద్దు.

ఎలక్ట్రిక్ బండ్లు మంచివే, కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో చూసి మురవండి. యూనిట్‌కి 6 కిలోమీటర్లిచ్చే కారుని, యూనిట్‌కి 0.7 కిలోల ఉద్గారముండే, బొగ్గు వాటా ఎక్కువున్న కరెంటుతో నడిపితే కిలోమీటరుకి 117 గ్రాములు. పైన చెప్పిన పెట్రోలు కారుకి 153. తేడా ఉంది, కానీ ఇద్దరు కలిసి పెట్రోలు కారులో వస్తే తలకి 77 మాత్రమే. కరెంటులో సౌర, పవన, జల విద్యుత్ వాటా పెరిగేకొద్దీ ఈ లెక్క ఎలక్ట్రిక్ వైపు మొగ్గుతుంది. ముందు ఎక్కువ కిలోమీటర్లు తిరిగే క్యాబ్‌లని మార్చండి, రోజుకి పది కిలోమీటర్లు తిరిగే డైరెక్టర్ కారుని కాదు.

వర్క్ ఫ్రమ్ హోమ్ కూడా అందరూ అనుకున్నంత సూటిగా ఉండదు. కారులో 40 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి వారంలో రెండు రోజులు ఇంటి నుంచి అంటే రాకపోకల్లో 40 శాతం తగ్గినట్టే. కానీ ఇంట్లో ఒక్కరికోసం ఎనిమిది గంటలు ఏసీ నడిచి 8 యూనిట్లు కాలితే, అదే కరెంటు లెక్కన 5.6 కిలోలు. కారు ఉద్గారం 6.1 కదా, మిగిలింది అర కిలో. బైకు మీద వచ్చే మనిషికైతే ఇది నష్టమే. పైగా ఆఫీసులో సగం సీట్లు ఖాళీగా ఉన్నా ఫ్లోర్ మొత్తానికీ ఏసీ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి దూరం నుంచి కారులో వచ్చేవాళ్లకి ముందు ఇవ్వండి, ఎవరు ఏ రోజు వస్తారో సర్ది ఒక ఫ్లోర్‌ని పూర్తిగా మూసేయండి. ఫ్లోర్ మూసే ఉద్దేశం లేకపోతే ఈ పద్ధతి మీద పెద్దగా ఆశపెట్టుకోకండి.

ఏడో అడుగు: మిగిలినదాన్ని ఏం చేయాలి

ఎంత చేసినా కొంత మిగులుతుంది. దానికి ఆఫ్‌సెట్లు (వేరేచోట ఉద్గారాలు తగ్గించే పనులకి డబ్బిచ్చి కొనే క్రెడిట్లు) కొనొచ్చు, కానీ వాటిని మీ లెక్కలోంచి తీసివేయడానికి ప్రోటోకాల్ ఒప్పుకోదు, విడిగా చూపించాలి. సుస్థిర విమాన ఇంధనం (వాడేసిన నూనె, వ్యర్థాల లాంటివాటి నుంచి తయారుచేసేది) ఇంకో దారి. యూరోపియన్ యూనియన్ తన విమానాశ్రయాల్లో నింపే ఇంధనంలో అది 2025లో 2 శాతం, 2030కి 6 శాతం ఉండాలని రూల్ పెట్టింది. అంత పెద్ద మార్కెట్‌లోనే ఇంత నెమ్మదిగా ఉందంటే, మన ఫ్లైట్లని అది త్వరలో కాపాడేస్తుందని ఎదురుచూడటం అనవసరం. బడ్జెట్ మిగిలితే చూడండి, ముందు ఐదు, ఆరు అడుగులు పూర్తిచేయండి.

ఎనిమిదో అడుగు: మళ్లీ లెక్క

ఫ్లైట్ల అంకె మూడు నెలలకోసారి, రాకపోకల సర్వే ఏడాదికోసారి. సర్వే ఎప్పుడూ అదే నెలలో, అవే ప్రశ్నలతో చేయండి. వానల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి చేస్తే తేడా వాతావరణానిదో మీ రూల్‌దో తెలియదు. బేస్‌లైన్‌గా, అంటే పోల్చి చూసే మొదటి ఏడాదిగా, 2020నో 2021నో పెట్టుకోకండి, లాక్‌డౌన్ల వల్ల ఆ ఏళ్లలో ప్రయాణాలే తక్కువ, ఆ తర్వాత ఏం చేసినా పెరిగినట్టే కనిపిస్తుంది. మొత్తం టన్నులు, తలకి ఇన్ని కిలోలు, రెండూ చూపించండి. ఒక్క తలసరి అంకె చూపిస్తే, మనుషులు రెట్టింపై ఉద్గారాలు ఒకటిన్నర రెట్లైనా తగ్గినట్టు కనిపిస్తుంది.

ఫ్యాక్టర్లు ఏటా మారతాయి. ఏ ఏడాదివి వాడారు, కారు మైలేజీ ఎంత అనుకున్నారు, జవాబివ్వనివాళ్లని ఎలా లెక్కకట్టారు, అన్నీ షీట్‌లో మొదటి ట్యాబ్‌లోనే రాసిపెట్టండి. మీరు టీమ్ మారాక ఈ ఫైలు తెరిచే మనిషి ముందుగా వెతికేది ఆ ట్యాబే. నాకు దొరికిన ఫైల్లో ఆ ట్యాబ్ పేరు "షీట్ 1", లోపల ఖాళీ.